మూడో పెన్ను

పేరు కత్తిరించి, కోడ్ నంబరు అంటించి
నా దాకా పంపారు ఈ జవాబు పత్రం.
మొదటాయన అరవై రెండు వేశాడు,
రెండో ఆవిడ నలభై ఒకటి.
పాస్ గీత యాభై. దాని మీద
ఎవరో ఒంటికాలిపై నిలబడి ఉన్నారు.

తార్నాకలో కరెంటు పోయింది.
ఫోన్ వెలుతురులో నాలుగో ప్రశ్న:
'ఆందోళన లక్షణాలు వివరించుము.'
ఏడు రాశారు. ఎనిమిదోది రాయలేదు గానీ
ఆ పేజీ అంతా అక్షరాలు వణికాయి,
అరచేతి చెమటకి సిరా పాకింది.
మార్కుల పట్టీలో దానికి గడి లేదు.

తొంభై ఆరులో నా పేపరూ
ఇలాగే మూడో చేతికి వెళ్ళిందట.
యాభై ఒకటి వచ్చింది.
ఆ ఒక్కటీ ఎవరు వేశారో
ఇవాళ్టికీ తెలీదు.

పెన్ను మూత పళ్ళతో తీశాను.
కింద ఆటో ఒకటి
స్టార్టవక దగ్గుతోంది.