చిన్న పొట్లం

మే నెల చివరి వారం. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి.
హార్బరు మీంచి వచ్చే గాలిలో
చేపల వాసన కూడా పలచబడింది.
సిరిపురంలో ఆ మూడో అంతస్తు హాల్లో
ఏసీ ఒక పక్కే పనిచేస్తోంది.
ఆ పక్క మేము, విత్తన ఇన్‌స్పెక్టర్లం.
ఈ పక్క నాతవరం, రోలుగుంట, గొలుగొండ నించి
తెల్లారకముందే బస్సెక్కిన రైతులు.
ఎవరూ అలా కూర్చోమనలేదు.

నళినాక్షి మేడమ్ బల్ల మీద పత్తి సంచీ కోసింది.
బీటీ గింజల మధ్యనించి
ఇంకో చిన్న పొట్లం బయటపడింది.
"దీన్నేం చేస్తున్నారు?"

గట్టు మీద పారేస్తానన్నాడొకాయన.
"మా బుడ్డోడు గిలక్కాయ సేసుకున్నాడు" అన్నాడింకొకాయన.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
మేడమ్ నవ్వలేదు.
ఆ గింజలకి పట్టించిన మందు రంగు
తన వేలికి అంటుకుంటే తుడుచుకుంటోంది.

చేను చుట్టూ అయిదు వరసలు
ఆ మామూలు పత్తే వెయ్యాలంది. అది పురుగు వాటా.
విషం తిని బతికిన మొండి పురుగు
విషమెరగని పురుగుతో జతకడితే
పుట్టేవి మళ్ళీ మన చేనుకి లొంగుతాయి.
ఆ వరసలు లేకపోతే
మొండిదానికి మొండిదే దొరుకుతుంది.
ఆపైన ప్రతి కాయలోనూ
గులాబీ రంగు కాపరమే.

కోరాడ పైడమ్మ కొంగు దోపుకుని లేచింది.
"అంటే పురుక్కి సమ్మందం సూడాల మనం.
సూత్తాం. కట్నం అడక్కుంటే సాలు."

టీలు పంచే జాలారిపేట కుర్రాడు ట్రేతో ఆగిపోయి
"మావోళ్ళూ రెండు నెల్లు
సముద్రాన్నొగ్గీసి కూకున్నారు కదండీ, గుడ్లెట్టుకోమని"
అన్నాడు. తననెవరూ అడగలేదని గుర్తొచ్చి
గబగబా కప్పులందించాడు.
"సరిగ్గా అదే కాదు," అంది మేడమ్,
"కానీ దగ్గరికొచ్చావు. కూర్చో."

మధ్యాహ్నం పరీక్ష.
గింజ నలిపి, గొట్టంలో నీళ్ళు పోసి
కాగితం పట్టీ ముంచితే గీతలొస్తాయి.
గొలుగొండ కుర్రాడొకడు జేబులోంచి నాలుగు గింజలు తీశాడు.
బిల్లు లేదు.
గడ్డిమందు కొట్టినా మొక్క చావదని చెప్పి అమ్మారట.
రాకూడని గీత మెల్లగా వచ్చింది.
వాడు పట్టీని చూడలేదు, నా మొహం చూశాడు.
చట్టంలో ఆ సెక్షను నాకు నోటికొచ్చు.
అమ్మిందెవరని అడిగాను.
"మావయ్యండి" అన్నాడు.
సెక్షను మర్చిపోయినట్టు
కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

సాయంత్రం సర్టిఫికెట్లిస్తుంటే పైడమ్మ
మా పక్కకొచ్చింది.
"మా గట్టెప్పుడైనా ఎక్కేరా బాబూ, మీరెవులైనా?"

రిజిస్టరులో ఒక గడి ఉంటుంది: సరిహద్దు వరసలు.
పదకొండేళ్ళుగా
డీలరు కొట్లో ఫ్యాను కింద కూర్చుని
అందులో అయిదు అని రాస్తున్నాను.
ఒక్క అయిదునీ చూడలేదు.
ఆవిడకేం చెప్పాను?
బస్సు టైమయిందన్నాను.

సెప్టెంబరులో నాతవరం వెళ్ళాను.
పైడమ్మ లేదు, యూరియా లైన్లో నిలబడిందట.
చేను చుట్టూ ఒక్కణ్ణే తిరిగాను.
ఒక చెప్పు బురదలో ఉండిపోయింది.
అంచు వరసలో ఒక గుడ్డిపువ్వు, విచ్చుకోకుండా.
రేకులు విప్పితే లోపల పురుగు,
చిటికెన గోరంత.
నలపబోయి ఆగాను.
పెళ్ళికొడుకేమో.

ఉత్తరాన అయిదు వరసలు. తూర్పున అయిదు.
దక్షిణాన నాలుగు. పడమట మూడే,
మేకలు పడ్డట్టున్నాయి.
ఉన్నవి ఉన్నట్టు రాయబోతే
గడి చాలలేదు.
గీత దాటి రాశాను.