పద్నాలుగు మిల్లీమీటర్లు

మా డిపార్ట్‌మెంటుకి రెండు గదులు, ఒక ల్యాబు,
తలుపు సరిగా పడని స్టోరు రూము.
ఈ క్యాంపస్‌లో ఎవరినైనా సివిల్ ఎక్కడని అడగండి,
మెకానికల్ బిల్డింగు వైపు చెయ్యి చూపిస్తారు.
మూడో ఏడులో మేం ఐదుగురం.
తురయ్యా, అజ్జా, మాజిద్,
ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బలూచీ కుర్రాడు దాద్‌రహీమ్,
నేను.

మా ఇంటిపేరు గడ్డం.
ఇజ్జుద్దీన్ సారు హాజరు పిలిస్తే నవ్వుతారు వీళ్లు.
సోహార్ మాటలో గిద్దామ్ అంటే ముందు.
"ముందుకి రా, ముందమ్మాయీ" అంటారు సారు.
ఉన్నదే ఒక్క వరుస,
ఎక్కడికని రాను?

మార్చి చివర్లో లెవెలింగు.
గేటు పక్క రాతిలో దింపిన ఇత్తడి బొత్తాం మా బెంచ్‌మార్కు.
అక్కడ మొదలై ఖర్జూరపు తోట చుట్టి,
ఉప్పు పేరుకున్న సబ్ఖా అంచున నడిచి,
మళ్లీ ఆ బొత్తాం దగ్గరికే రావాలి.
సరిగ్గా కిలోమీటరు.
వెనక చూపు, ముందు చూపు,
వెనక చూపు, ముందు చూపు,
ఎక్కిందంతా దిగిందానితో చెల్లిపోవాలి.
బయల్దేరిన చోటికే వచ్చినవాళ్లకి
మిగలాల్సింది సున్నా.
పన్నెండు మిల్లీమీటర్ల దాకా సారు క్షమిస్తారు.

మాకు పద్నాలుగొచ్చింది.

ఒక్క బియ్యపు గింజ మందం ఎక్కువ.
"ఆ మూడుని ఒకటి చేసెయ్, అయిపోతుంది" అన్నాడు మాజిద్.
పెన్సిలు నా చేతిలోనే ఉంది.
ఫీల్డ్ బుక్కులో రబ్బరు వాడకూడదు.
తప్పుని ఒక్క గీతతో కొట్టి పైన రాయాలి,
కింద ఉన్నది ఎవరికైనా కనబడుతూ ఉండాలి.
అందుకే గీత పెట్టకుండా
మూడు పొట్టని ఎలా నిటారు చెయ్యాలా అని
చాలాసేపే చూశాను.
చూడలేదని చెప్పను.

స్టాఫు తీసుకుపోవడానికి రాజమల్లు కాక వచ్చాడు.
మెట్‌పల్లి దగ్గరి మనిషి, ఇరవై రెండేళ్లుగా ల్యాబు అసిస్టెంటు.
క్యూబు పగిలే ముందు వచ్చే చిన్న చప్పుడు విని
ఎన్ని టన్నులో చెప్పేస్తాడు, ముల్లు ఆగకముందే.
రిపోర్టు మీద ఆయన సంతకానికి గడి లేదు.

"కడుగుండ్రి బిడ్డా, ఉప్పు తింటది దీన్ని."
స్టాఫు తిరగేశాడు.
అడుగున రెండు వేళ్ల మందం బురద.
"యాడ నిలబెట్టిన్రు?"
తెల్లగా మెరిసేచోట అన్నాను.
"ఎంతసేపు?"
పావుగంట.
ట్రైపాడ్ కాలు బిగుసుకుపోయి మాజిద్ తిట్టుకుంటుంటే,
దాద్‌రహీమ్ స్టాఫుకి ఆనుకుని నిలబడ్డాడు.

"గదే మరి.
నువ్వు ముందుగాల చూసినప్పుడున్న నేల
ఎన్కకు చూసినప్పుడు లేదు.
తప్పు నీ లెక్కల లేదు, కాలి కింద ఉంది."

ఇదంతా ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే
తురయ్యా ఆగమని సైగ చేసి
ఆయన చెప్పినట్టే చెప్పమంది.
చెప్పాను.
ఒక్క ముక్క అర్థం కాకుండానే తల ఊపింది.

గీత కొట్టాను.
పేజీ మొత్తం, ఒక్కటే గీత.
సారు చూసి ఏమీ అనలేదు,
రేపు ఐదున్నరకి అన్నారు.

ఆ సాయంత్రం స్క్రాపులోంచి తెచ్చిన ఇనప ముక్కకి
మూడు కాళ్లు అతికించాడు రాజమల్లు కాక,
మెత్తటి నేలలో స్టాఫు కింద పెట్టడానికి.
చల్లారేలోపు వెల్డింగు రాడ్డుతో దానిమీద
తన పేరులో మొదటి అక్షరం గీశాడు.

పొద్దున్నే మంచు, చేపల లారీలు,
నాకంటే ముందే వచ్చి కూర్చున్న దాద్‌రహీమ్.
ఈసారి నాలుగు మిల్లీమీటర్లు.
"ఆ నాలుగు ఎక్కడికి పోయాయి?" అంది అజ్జా.
ఎవరికీ తెలీదు, సారుకి కూడా.

పలక మీద బురద తుడుస్తూ దాద్‌రహీమ్ అడిగాడు,
ఇదే అంకె అని.
అంకె కాదు.
"రా."
అంటే?
రమ్మనడం, అన్నాను.

అప్పటికే ఎండ పడింది.
లెన్సులో, దూరాన,
స్టాఫు మీది గీతలు కదలడం మొదలైంది.