రెండో గుంపు

తాడ్వాయి దాటినంక బస్సు దిగి
రెండు వాగులు నడిస్తే ఆలెం పాపక్క ఇల్లు.
ఆమె చూపించిన తీగను
నేను కత్తెరతో కోశాను, ఆమె గోటితో గిల్లింది.
"ఇది నమిలి బెల్లం తిను, చూద్దాం" అంది.
తిన్నాను.
బెల్లం మట్టిపెళ్ల.
నాలుక మీద తీపి ఉండే గదికి
ఎవరో తాళమేసుకుని పోయినట్టు
అరగంట.
ఆ అరగంటా పాపక్క నవ్వుతూనే ఉంది.

పొడపత్రి.
హన్మకొండ తెచ్చి, నీడన ఆరబెట్టి,
మరలో పట్టి, మిథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి,
వడగట్టి, ఆవిరి చేస్తే
గిన్నె అడుగున నల్లపచ్చటి జిగురు.
నాలుగు కిలోల ఆకు పొడికి నాలుగు వందల ఇరవై గ్రాములు.
రెండు వాగుల అడవి అంతే అయింది.
వాసన మాత్రం వానకాలపు పశువుల కొట్టం.
ఒక కొమ్మను అట్టకు అతికించి నంబరిచ్చారు.
సేకరించినవారు అన్నచోట నా పేరు.

ఎలుకలు ముప్పై, గుంపులు ఐదు.
తల మీదో, నడుం మీదో, తోక మొదట్లోనో
గుర్తుకు పిక్రిక్ ఆసిడ్ పసుపు,
తంగేడు రేకులు రాలి అంటుకున్నట్టు.
మొదటి గుంపు ఆరోగ్యం.
రెండోదానికి జబ్బు ఇచ్చాం, మందివ్వం.
మూడోదానికి దుకాణపు మాత్ర.
నాలుగు, ఐదు పాపక్క ఆకుకు.
జబ్బు ఇచ్చింది నేనే. ఒక్క సూది, కడుపులోకి.
థీసిస్‌లో "మధుమేహం ప్రేరేపించబడింది" అని రాస్తాం.
ఎవరు ప్రేరేపించారో
ఆ వాక్యానికి అక్కర్లేదు.

ఓదెలు పదకొండేళ్లుగా ఇక్కడే.
పొద్దున్నే వరిపొట్టు మారుస్తాడు.
నేను మీటరు తీయకముందే డబ్బా ఎత్తి చెప్తాడు:
"గిది షుగరుది. గిది గాదు.
గిది మొన్నటిదాకా షుగరుదే, ఇప్పుడు జర నయమైతాంది."
తోక కొసన ఒక్క చుక్క పట్టీకి అంటిస్తే
ఐదు సెకండ్లకు మీటరూ అదే మాట అంటుంది.
"ఎట్ల తెలుస్తదే ఓదెలన్నా?"
"పొట్టు తడి సూడు మేడం. నీళ్ల సీసా సూడు.
దూప ఊకెనే అయితదా?"
తడి పొట్టును సంచిలోకి ఒంపి, మూతి కట్టి,
"రాత్రి నేను ఆరుసార్లు లేసిన" అన్నాడు.

అది పదిహేడో రోజు.
డబ్బాలో పట్టీలు నాలుగు మిగిలాయి.
మొహం అటు తిప్పుకుని వేలు చాపాడు.
మూడు వందల ఎనభై ఏడు.
నాలుగో గుంపు ఆ పొద్దు నూట అరవై.
"గోలీలు?"
"ఎండకాలం దాక ఏసుకున్న. కడుపుల తిప్పుతాందని బంద్ జేసిన."
చూపు బల్ల మీది సీసా మీదుంది.
"గండ్లకెల్లి నాకింత ఇయ్యరాదు?"

కిలో బరువుకు రెండు వందల మిల్లీగ్రాములు, ఎలుకకు.
అరవై రెండు కిలోల మనిషికి ఎంతో
లెక్క కట్టగలను, ఇవ్వలేను.
కాలేయం ఏమంటుందో, మూత్రపిండాలు ఏమంటాయో
ఇరవై ఒకటో రోజుకు గానీ తెలియదు. అవైనా ఎలుకలవి.
ఆ రోజు వాటినేం చేస్తామో ఓదెలుకు తెలుసు,
ఆ సంచులు కట్టేదీ ఆయనే.

ఇవ్వలేనన్నాను.
"ఎలుకలకిస్తవు" అన్నాడు. కోపంగా కాదు,
డబ్బా మీది చీటీ చదివినట్టు.
"అంటే నేను రెండో గుంపు."

సగం రోజు సెలవు రాసిచ్చి
ఎంజీఎం ఓపీ వరుసలో ఆయన వెనక నిలబడ్డాను.
ముందు నలభై మంది. చేతుల్లో కవర్లు,
కవర్లలో మడతలు చిరిగిన చీటీలు.
ఎవరి వీపు మీదా పసుపు గుర్తు లేదు.
దాదాపు అందరి దగ్గరా నీళ్ల సీసా ఉంది.
డాక్టరమ్మ మందు మార్చి రాసింది,
బువ్వ తిన్నాకే వేసుకోమని రెండుసార్లు చెప్పింది.
ఓదెలు మూడుసార్లు తలూపాడు.

ఇరవై ఒకటో రోజు, తెల్లారుజామున
తరాజు, కత్తెరలు, ఫార్మలిన్ సీసాలు సర్దుతుంటే
తలుపు దగ్గర చెప్పులు విడుస్తూ అన్నాడు:
"రాత్రి మూడేసార్లు మేడం."

ఆ అంకెకు నా పట్టికలో గడి లేదు.
కాగితం అంచున పెన్సిలుతో రాసుకున్నాను.
ఓదెలు మొదటి డబ్బా దించాడు.