ఎవర్ని పీకమంటారు

కాశీబుగ్గ రైల్వే గేటు పక్కన
మా కొట్లో కంప్యూటరుకి
నాలుగు సందులు పెట్టి పంపాడు చేసినవాడు.
ఒకదాంట్లో తుపానుకి నీరు దిగింది.
ఒకటి వదులు,
అగ్గిపుల్ల ఇరికిస్తే నిలబడుతుంది
దగ్గితే ఊడిపోతుంది.
మిగిలినవి రెండు.

మౌసుకొకటి, కీబోర్డుకొకటి.
మరి ప్రింటరుకో?
స్కానరుకో? వేలిముద్రల డబ్బాకో?
ఎవరో పరిగెత్తుకొచ్చి
చేతిలో పెట్టే పెన్‌డ్రైవుకో?

"ఎవర్ని పీకమంటారు?" అని
వరసలో ఉన్నవాళ్ళనే అడిగేవాణ్ణి, నవ్వుతూ.
పేరు కొట్టాలంటే మౌసు పీకి,
బాణం కదపాలంటే కీబోర్డు పీకి,
ఒకే చెప్పుల జతతో అన్నదమ్ములిద్దరు
వంతులేసుకుని పెళ్ళికెళ్ళినట్టు
మూడేళ్ళు నెట్టుకొచ్చాను.

మేనల్లుడు త్రినాథ
శ్రీకాకుళం నుంచి హబ్బు తెచ్చాడు.
అరచేతంత.
ఒక తోక, ఏడు నోళ్ళు.
"అన్నీ ఇందుల గుచ్చీ మావా,
ఇంకేటి నీకు!"

గుచ్చాను.
ఏడు దీపాలూ వెలిగాయి.
ఆ సాయంత్రం దానికెదురుగా కూర్చుని
రెండు టీలు తాగాను.
ఒక నోరు ఇంకా ఖాళీగా కనిపిస్తే
చూడలేక,
బల్లమీదికి చిన్న ఫ్యాను కొన్నాను.

సోమవారం కొయిరి దాలమ్మ వచ్చింది.
పాతికేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
తన పద్దెనిమిదొందలు
తన ఖాతాలోంచి
తన వేలుతో తీసుకోవడానికి వచ్చింది.

బొటనవేలు పెట్టింది.
డబ్బాలో ఎర్రదీపం మినుక్కుమని ఆరింది.
కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
ఆరింది.
చూపుడువేలు. ఆరింది.
"నా ఏలిదే తప్పు బావూ," అంది,
"జీడి సొన తినేసింది. గీతల్నేవు నాకు."
ప్రతి వేలుకీ విడివిడిగా
క్షమాపణ చెప్పింది.

నేనూ అలాగే అనుకున్నాను.
చూడండి కదా, నున్నటి వేళ్ళు,
ఏటి గులకరాళ్ళు.
అందరికీ చెప్పినట్టే చెప్పబోయాను:
బ్యాంకుకెళ్ళు, పాసుబుక్కు పట్టుకెళ్ళు,
మధ్యాహ్నం లోపే వెళ్ళు.

అంతలో చెమట తుడుచుకోబోయి
నా మోచెయ్యి తగిలి
ఫ్యాను తీగ ఊడింది.

ఎర్రదీపం నిలబడింది.
మినుక్కుమనలేదు.
కుంకుడుగింజంత వెలుగు, స్థిరంగా.

"ఇంకో ఏలుందేటమ్మా?"
ఎడంచేతి చిటికెనవేలు చాపింది,
పిక్క పట్టడానికి పనికిరాని వేలు.
టింగుమంది.

దాలమ్మ డబ్బు లెక్కపెట్టలేదు.
ఆ చిటికెనవేలునే
వెలుతురుకి పట్టి చూసుకుంటూ
మెట్టు దిగింది.

త్రినాథకి ఫోను చేశాను.
"నోళ్ళు పెరిగాయి గాని మావా,
కూడు పెరగనేదు కదేటి!
ఆ ఒక్క తోకలోంచి వచ్చిన కరెంటే
అన్నీ పంచుకోవాల.
గోడకి గుచ్చే రకం హబ్బు ఉంటాది,
సొంత కరెంటు తాగుద్ది,
రేపు పంపుతాను."

రేపు సరే.
హబ్బు వచ్చి నెల్లాళ్ళు.
పుస్తకం తీశాను.
'ముద్ర పడలేదు' అని
నా దస్తూరీతోనే రాసిన పేర్లు
వేలు పెట్టి లెక్కపెట్టాను.
పదకొండు.
అందరూ జీడి బట్టీల ఆడవాళ్ళే కాదు.
ఒకరు బడి పిల్లలకి వంట చేసే మనిషి.
ఒకరు ఏ పనీ రాయలేదు.

నాలుగు నంబర్లు మోగలేదు.
అయిదోది ఎత్తింది:
"మళ్ళీ రమ్మంటావేటి బావూ?
నా ఏలికి గీతలొచ్చీసినాయేటి?"
నవ్వింది కూడా.

నీ వేలు కాదమ్మా
నా ఫ్యాను, అనాలి.
గొంతులో వదులు సందేదో ఉంది,
మాట నిలబడలేదు.

"రామ్మా," అన్నాను.
"రేపు పెందలాడే రా.
ఎండెక్కితే
ఈ కొట్లో గాలాడదు."