రెండో టక్కు

కొత్తవాడల మా గల్లీకి గడియారం అక్కర్లేదు.
ఏ ఇంట్ల ఎవరు మగ్గమెక్కిన్రో
చప్పుడే చెప్తది.
మా తమ్ముడు ఓదెలు కాళ్లది జోడు దరువు,
టక్కు, టక్కు, నడుమ నాడె జారిన సుయ్యి.
ఇరవై ఏండ్లు కండెలు చుట్టుకుంట విన్న.

ఉగాది దాటినంక
రెండో టక్కు ఆలస్యమైంది.
చూరు మీంచి చినుకు రాలేటంత.
తొక్కుడు కర్ర పాతదైందనుకొని
తాడు మార్పిచ్చిన.

వీపుల నొప్పన్నడు.
గుంటల కూసునేటోనికి వీపు గాక ఏం నొస్తదని
నేనే నవ్విన.
ఆర్ఎంపీ గ్యాసన్నడు, సూదేసిండు.

నొప్పికి ఒక లెక్కుంటది గద,
పని జేస్తె పెరగాలె, పండుకుంటె తగ్గాలె.
ఇది పండుకుంటెనే లేస్తది.
రాత్రి రెండింటికి గోడకు ఆనుకొని కూసునేటోడు.
దగ్గితే వీపుల పిడుగు.
"రొమ్ము చుట్టు తువ్వాల బిగగట్టినట్టున్నదక్కా."

ఒకనాడు పోచమ్మ మైదాన్ నుంచి
ఒంటి చెప్పుతోని ఇంటికొచ్చిండు.
రెండోది ఎక్కడ జారిందో
కాలుకే తెల్వదు.
కాగిన నీళ్లు పోసుకొని
బొబ్బలు లేసినంక చూసుకున్నడు.
ఒంటేలు రాక తడక ఎనుక
ఎంతసేపు నిలవడ్డడో
నాకు చెప్పలే. సిగ్గు.

ఎంజీఎంల పిల్ల డాక్టరమ్మ
పాత చీటీలు ముట్టలే.
గుండుసూది తీసి బొటనవేలు కాడికెల్లి
పైకి పొడుచుకుంట వచ్చింది.
తెలుస్తుందా? లేదు.
తెలుస్తుందా? లేదు.
బొడ్డు దాటినంక ఉలిక్కిపడ్డడు.
అక్కడ పెన్నుతోని గీత గీసి అడిగింది,
"పడుకుంటే తగ్గుతుందా, పెరుగుతుందా?"

గీ మాట ఆర్నెల్ల సంది ఎవ్వరడగలే.
నేనూ అడగలే.
పడుగుల ఒక్క పోగు ముడివడితే
చీకట్ల గూడ వేళ్లతోని పట్టేదాన్ని.
వెన్నుల రేగ్గింజంత గడ్డ,
చెవులవడ్డా పట్టుకోలేకపోయిన.

గడ్డ తీసిన్రు. ఇప్పుడు
గోడ పట్టుకొని నడుస్తడు.
జంపకానా మగ్గం మీదనే ఉన్నది, నెమలి మెడ దాకా.
కుడికాలు కర్ర మీద పెట్టి
కొన్నిసార్లు చల్లగున్నదంటడు,
కొన్నిసార్లు ఏమనడు.

నిన్న ఎనుక గల్లీల సారంగం మగ్గం
ఒక టక్కు మింగింది.
చేతుల కండెతోనే ఉరికిన.
"ఏం లేదక్కా, తాడు వదులైంది" అన్నడు.
గుంటలకు వంగి చూసిన.
తాడే.
అయినా అడిగిన,
"రాత్రి నిద్ర పడుతుందా, తమ్మీ?"