పెన్సిలు రాత

నెలాఖరుకి రాజధానికి వెళ్ళే కాగితం నాది.
మంజూరైన నర్సు పోస్టులు: ముప్పై ఒకటి.
పనిలో ఉన్నవారు: తొమ్మిది.
తొమ్మిదిలో ఒకామె కాన్పు సెలవులో,
ఇంకొకామె ట్రైనింగుకని పోయి ఆర్నెల్లు.
ఆ మాట రాయడానికి గడి లేదు.

పదహారేళ్ళుగా ఇదే బల్ల, ఇదే కిటికీ.
కిటికీలో మలావీ సరస్సు,
తడికల మీద ఎండుతున్న చేపపిల్లలు,
ఆస్పత్రి గేటు,
గేటు పక్కన నూనె మూకుడు ముందు
తెమ్వా చిర్వా.

పిండిముద్దని వేళ్ళ చివర్లతో జారవిడుస్తుంది,
నూనె చుక్క చిందదు.
మూడేళ్ళు సూది పట్టడం నేర్చిన వేళ్ళవి.
నేర్పింది సర్కారే, సర్కారిచ్చిన అప్పుతోనే.
నెలనెలా ఫోనుకి మెసేజీ:
ప్రియమైన పట్టభద్రురాలా, మీ వాయిదా...
జిడ్డు బొటనవేలితో తుడిచేసి
వేడి మందాసీలు పొట్లం కడుతుంది.

మొన్న నర్సుల కాలేజీలో కొత్త హాస్టలు తెరిచారు.
సీట్లు రెట్టింపు చేశామని చప్పట్లు.
అదే వారం నాకొచ్చిన సర్క్యులరు:
జీతాల పద్దు పెరగరాదు,
అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకోరు.
రెండిటి మీదా అదే చేపగద్ద ముద్ర.
రెండూ ఒకే ఫైల్లో పెట్టాను.
పోట్లాడుకోలేదు.

మంగళవారం రాత్రి వాన, కరెంటు లేదు.
జనరేటరుకి డీజిలు పోయడం నా పని,
ఎవరి పనీ కాదు గనక.
కాన్పుల వార్డులో సిస్టర్ ఎనిఫా ఒక్కతే.
ముప్పై నాలుగు మంచాలు, నేల మీద పదకొండు చాపలు.
చింతెచె నుంచి సైకిలు మీద తెచ్చిన పిల్ల
కని గంటైంది, నెత్తురాగటం లేదు.
పక్కగదిలో ఇంకొకామెకి బిడ్డ అడ్డం తిరిగింది.

ఎనిఫా నా వైపు చూసింది.
గేటు వైపు చూసింది.
ఏమీ అనలేదు.

రోగి తాలూకు మనిషికి మా రూల్సులో చోటుంది:
వండిపెట్టొచ్చు, బట్టలుతకొచ్చు,
చెయ్యి పట్టుకు కూర్చోవచ్చు.
తెమ్వా తలకి చితెంజె గుడ్డ చుట్టుకుని
జావగిన్నె పట్టుకుని వచ్చింది.
ఎవరి తాలూకని వాచ్‌మన్ అడిగితే
ఆ పిల్లకి అక్కనంది.

గిన్నె గట్టు మీద పెట్టింది.
చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా,
గోళ్ళ సందుల్లోకి.
అంతసేపు కడుక్కునే అక్కని నేనెక్కడా చూళ్ళేదు.

టార్చి పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను.
కాబట్టి చెప్పగలిగింది విన్నదే:
ఇంజెక్షనెప్పుడిచ్చావని పక్కగదిలోంచి ఎనిఫా కేక,
రెండూ పదకొండుకని
తడబడని జవాబు,
నా వైపు చూడు, నా వైపే, అని
ఎవరితోనో మెల్లగా.

నాలుగింటికి నెత్తురాగింది.
పక్కగదిలో ఆలస్యంగా, కోపంగా ఏడుపు.
ఆరింటికి మూకుడు మళ్ళీ పొయ్యి మీదుంది.
ఆ పూట మందాసీలు కాస్త మాడాయి.

కాన్పుల రిజిస్టరులో ఆఖరి గడి:
చూసినవారి పేరు, హోదా.
ఎనిఫా వదిలేసి ఇంటికెళ్ళి పడుకుంది.
ఖాళీగా పంపితే రాజధాని తిప్పి పంపుతుంది.
ఎనిఫా అని రాస్తే ఒకే నిమిషంలో
ఆమె రెండు గదుల్లో ఉన్నట్టు.
అక్క అని రాస్తే, ఆ హోదాకి కోడు నంబరు లేదు.

పెన్సిలు చెక్కాను.
తెమ్వా చిర్వా, నర్సు.
పెన్నుతో రాస్తే ఆ గడి జీతమడుగుతుంది,
నన్ను సంజాయిషీ అడుగుతుంది.
పెన్సిలైతే, రబ్బరు సొరుగులోనే ఉంది.

నాలుగు రోజులైంది. సొరుగు తియ్యలేదు.
నెల కాగితంలో మాత్రం
తొమ్మిది అనే రాసి పంపాను.
అంత ధైర్యం నాకు మంజూరు కాలేదు.

ఇవాళ రెండు మందాసీలు కొన్నాను.
చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండా అడిగింది:
ఆ పిల్లకి పొద్దున
జ్వరం చూశారా?