పక్కకి జరుగు సారూ

ముప్పై ఒక్క ఏళ్లు గ్రీమ్స్‌పేట బళ్లో
ఒకే బొమ్మ వేయించాను:
రోడ్డు. రెండు పక్కలా కరెంటు స్తంభాలు.
దూరం పోయేకొద్దీ అన్నీ కురచవుతూ
చివరికి ఒక చుక్కలో మునిగిపోవాలి.
ఆ చుక్క దగ్గర మేకు కొట్టి
పిల్లల కళ్లన్నీ దానికే బిగించాను.

రిటైరయ్యాక, చిత్తూరులో పొద్దుపోక,
కాళాస్తి బస్సెక్కాను.

ధనకోటమ్మ వరండాలో
కరక్కాయా బర్రెపాలూ తాగిన గుడ్డ
ఎండి బిగుసుకుని ఇంకా పాల వాసనేస్తోంది.
చింతబొగ్గు గీత మీద కసిమి నల్లగా ఎక్కుతోంది.
బెల్లంలో తుప్పుమేకులు నానేసిన నీళ్లట అవి.
మేకులకి ఇదొక పని ఉందని నాకు తెలీదు.

గుడ్డ నిండా ఒక్కడే రాజు, నాలుగు చోట్ల:
గుర్రమెక్కి, దాహమేసి, శాపం తగిలి,
చివరి మూల చేతులు జోడించి.
నాలుగు పొద్దులూ ఒకే పొద్దు.
దేవుడు నిలువెత్తు.
గుడి కట్టించినవాడు ఆయన మడమ దగ్గర జానెడు.
ముఖం పక్కకి తిరిగినా
కన్ను మాత్రం నిండుగా మనవైపే.
సందు దొరికిన చోటల్లా ఒక పువ్వు.

"వెలుతురు ఏ పక్కనుంచి?" అనడిగాను. అలవాటు.
"ఏ వెలుతురు సారూ?"
"నీడ ఎటు పడాలో తెలియాలి గదమ్మా."
"కతలో ఎండ యాడుంటాది?" అనేసి
కలానికి చుట్టిన దూదిదారాన్ని వేళ్లతో పిండింది.

ఊరుకోలేక, నాకు తెలిసిందంతా చెప్పాను.
ఇటలీలోనూ ఒకప్పుడు ఆకాశమంటే బంగారు రేకే,
డబ్బిచ్చిన షావుకారు తల్లీబిడ్డల పాదాల దగ్గర
పిల్లిపిల్లంత ఉండేవాడు.
తర్వాత ఎవరో గోడకి కిటికీ తెరిచారు.
గాలొచ్చింది, దూరమొచ్చింది, కండలకి బరువొచ్చింది,
షావుకారు మోకాళ్ల మీంచి లేచి
దేవుడంత పొడుగయ్యాడు.
ఇంకొన్నాళ్లకి ఫ్రాన్సులో కొందరు
గడ్డివాము మీద ఎండ మారేలోపు పట్టేయాలని
రంగులు మోసుకుని పొలాల్లో పరిగెత్తారు.
వాళ్ల తర్వాతివాళ్లు
ముఖాన్ని అన్ని పక్కలా ఒకేసారి చూడాలని
పెంకులు పెంకులుగా పగలగొట్టారు.

"పగలగొట్టేదెందుకు," అంది తలెత్తకుండా,
"తిప్పుకుంటే పోలా?"

సంతకం సంగతి కూడా ఎత్తాను.
"నా పేరా? రేషన్ కార్డులోనే తప్పు పడిండాది.
ముందు దాన్ని సరిచేయించు సామీ."

చెంగల్రాయుడు గుర్తొచ్చాడు.
ఏడో తరగతి, బి సెక్షను.
మామిడికాయల లారీ వేయమంటే
లారీ అగ్గిపెట్టెంత,
పక్కన వాళ్లమ్మ కాగితం పైఅంచు దాకా,
నెత్తిన తోతాపురి గంప,
గంప కాగితంలో పట్టక సగం బయటే.
పదికి నాలుగేశాను.
లారీ కన్నా మనిషి పెద్దదట్రా అని
క్లాసంతా నవ్వేట్టు అడిగాను.
వాడేమీ అనలేదు. రబ్బరు తీసుకుని
అమ్మని చెరిపాడు,
కాగితం చిరిగేదాకా.

ఆ లారీలో కాయలన్నీ
ఎవరి నెత్తి మీదుగా ఎక్కాయో వాడికి తెలుసు.

ఇది ధనకోటమ్మకి చెప్పలేదు.
స్వర్ణముఖిలో నీళ్లు లేవనీ,
గుడ్డలు బోరుకాడ జాడిస్తా ఉండారనీ
ఆమే ఏదో చెప్పుకుపోతోంది.
వినడానికి ముందుకి వంగాను.

చేతులు జోడించిన రాజు మీద,
దేవుడి మడమ మీద, సందుల్లో పూల మీద
నల్లగా, పొడుగ్గా, వాలుగా,
నేను నల్లబల్ల మీద నేర్పిన కోణంలోనే...

"పక్కకి జరుగు సారూ," అంది.
"నీడ పడతా ఉండాది."